నడిమింట్లో మూడు బీరువాలు

రాజాం నుంచి నరసన్నపేట దాకా ఏ ఊరైనా వెళ్లి అడగండి. బీరువా ఎంచడంలో నన్ను మించినవాడు ఉన్నాడని ఎవడైనా అంటే ఒక పక్క మీసం గీయించేసుకుని తిరుగుతాను. వేలి మెటికతో ఒక్క దెబ్బ కొట్టానంటే చాలు, రేకు మందమెంత, లోపల అరలెన్ని, తాళం ఎన్నాళ్లు పనిచేస్తుంది, ఆఖరికి దాన్ని కొనుక్కెళ్లే ఇంట్లో అత్తాకోడళ్లు ఎలా ఉంటారన్నది కూడా చెప్పేస్తాను. నలభై పెళ్లిళ్ల సారె బీరువాలకి నేనే పెద్దమనిషిని. ఒకసారి పాతపట్నంలో ఒక కొట్లో బీరువాని కొట్టి, "ఇందులో ఎలక ఉన్నాది" అన్నాను. తెరిచి చూస్తే రెండున్నాయి. రెండోది నా దెబ్బకి అదిరి అప్పుడే పుట్టింది.

అలాంటి నాకు, పోయిన సంవత్సరం మా ఇంట్లోనే పరీక్ష వచ్చింది.

ముందు మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. మా వీధిలో ఇళ్లన్నీ రైలుపెట్టెల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పక్కింటికీ మనింటికీ గోడ ఒక్కటే. అది కూడా పెంకుల దాకా వెళ్లదు, దూలం దగ్గరే అలిసిపోయి ఆగిపోతుంది. మనం తుమ్మితే పక్కింటివాళ్లు "సిరంజీవ" అంటారు. ఇల్లు వెడల్పు తక్కువ, పొడవెక్కువ. ముందు వీధిగది, దాని వెనక నడిమిల్లు, దాని వెనక ఇంకో గది, ఆ తరవాత వంటిల్లు, పెరడు. గుమ్మాలన్నీ ఒక పక్కగా, ఒకే వరసలో ఉంటాయి. వీధిలో నిలబడి చూస్తే పెరట్లో గేదె తోక ఊపడం కనిపిస్తుంది. ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా నడిమింట్లోంచే వెళ్లాలి. అంటే అది గది కాదు, రోడ్డు.

ఆ రోడ్డు పక్కన మా మనవడు నరేష్ చేత కాపరం పెట్టించాం.

వాడి పెళ్లాం ఝాన్సీలక్ష్మి విజయనగరం పిల్ల. రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. నవ్వితే వీధి చివర దాకా వినిపిస్తుంది. కొత్త పెళ్లికూతురు అలా నవ్వకూడదని మా ఆవిడ జగ్గమ్మ మొదటి రోజు చెప్పబోయి, తనకే నవ్వొచ్చి మానేసింది. అలాంటి పిల్లకి మేమిచ్చింది ఏమిటంటే, నడిమింట్లో గుమ్మాల వరసకి రెండో పక్కన ఒక మంచం. తెల్లారకముందే జగ్గమ్మ నీళ్లకి ఆ మంచం పక్క నుంచే వెళుతుంది. వెనకగదిలోంచి మా అబ్బాయి రమేష్‌బాబు బ్రష్షు నోట్లో పెట్టుకుని వీధిలోకి వస్తాడు. గేదెని పితకడానికి అసిరయ్య చెంబుతో వీధిలోంచి లోపలికి వస్తాడు, పితికేసి బయటికి వెళతాడు, చెంబు మరిచిపోయానంటూ మళ్లీ వస్తాడు. పక్కింటి దానమ్మ పెరుగు అప్పుకి వస్తుంది. దానమ్మ వెనక ఆవిడ కోడి వస్తుంది. నేను మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టి, దాటే ముందు గుమ్మంలో నిలబడి దగ్గేవాణ్ణి. నా దగ్గుకి ఆ జంట ఉలిక్కిపడి లేచేవాళ్లు. మర్యాద కూడా ఒక్కోసారి మనుషుల్ని నిద్రపోనివ్వదు.

నరేష్ ఒక తెర కట్టాడు. పంకా వేస్తే అది జెండాలా ఎగిరేది. పంకా ఆపితే చెమట. మూడో రోజున దానమ్మ మేక వచ్చి ఆ తెరని కింద నుంచి మోకాలెత్తు దాకా తినేసింది.

ఆ వారమే, నేను దగ్గడం మరిచిపోయి దాటుతుంటే, ఝాన్సీ మాట చెవిన పడింది.

"ఇక్కడ ఒక గోడైనా లేపించు నరేష్, లేదా రాజాంలో గది అద్దెకి తీసుకుందాం. నేను సంతలో కాపరం చెయ్యలేను."

గోడ కట్టడం పెద్ద పనేం కాదు. ఇటుకలున్నాయి, ఇసకుంది. కాని మా వైపు నడిమింట్లో అడ్డుగోడ లేచిందంటే ఆ ఇల్లు వేరుపడినట్టే. అన్నదమ్ములు కొట్టుకుని పంచుకున్నప్పుడే అక్కడ గోడ కడతారు. రమేష్‌బాబు చెవిన వేస్తే, "ఊరోళ్లు ఏటనుకుంటారు నాన్నా? పెళ్లయి మూడు నెలలు కాలేదు, కొడుకుని ఏరు పెట్టేసినాడంటారు" అని తల పట్టుకున్నాడు. జగ్గమ్మ అయితే గోడ అనే మాట వినగానే లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఒక సాయంత్రం ఝాన్సీ వీధి అరుగు మీద నా పక్కన వచ్చి కూర్చుంది.

"తాతయ్యా, మీకు బీరువాల గురించి బాగా తెలుసట కదా?"

"నాకు తెలీకపోతే ఎవులికి తెల్సుతాదమ్మా" అన్నాను.

"మావయ్య మూడు గదులకీ బీరువాలు కొంటానంటున్నారు. మా గదికి మంచమంత పొడుగు బీరువా కొనిపించండి. మంచానికీ దారికీ మధ్యన నిలబెట్టేస్తాను. తలుపులు మా వైపు, వీపు దారి వైపు. నాకు కావలసింది బీరువా కాదు తాతయ్యా, గోడ. కాని ఊళ్లోవాళ్లు చూస్తే బీరువా అనుకోవాలి."

నా కాపరం కూడా ఆ నడిమింట్లోనే మొదలైంది కాబట్టి, నాకు చప్పున అర్థమైంది. "అలగే కొనిపిస్తాను. ఒట్టు" అన్నాను.

రమేష్‌బాబు బీరువాలు కొనాలనుకోవడానికి కారణముంది. మా కోడలు ఈశ్వరి సారెలో వచ్చిన బీరువాకి కాలు తుప్పుపట్టి, తాగినవాడిలా ఒక పక్కకి వాలిపోయింది. తలుపు తీస్తే చీరలన్నీ వాటంతటవే బయటికి వచ్చేవి. ఆ ఏడు వేరుశనగ బాగా పండటంతో మావాడికి ధైర్యం వచ్చింది. అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టాడు.

"మూడూ ఒకే రకం కొనీద్దాం. గుంపుగా కొంటే తగ్గిస్తాడు" అన్నాడు.

"ఒరే, ఇంట్లో అందరికీ ఒకే కొలతకి సొక్కాలు కుట్టిస్తావేటి?" అన్నాను. "గదికో గుణం ఉంటాది. వీధిగదిలో బీరువా ఊరోళ్ల కోసం. వచ్చినోడు ముందు దాన్నే సూస్తాడు. అద్దముండాల, రంగుండాల. లోపల ఏటున్నాదో ఎవుడికీ అక్కర్లేదు, సిన్నదైనా సాలు. నీ ఎనకగది గోడ వానాకాలంలో నీరు పీలుస్తాది. అక్కడ రంపంపొట్టు బోర్డు ఎడితే అప్పడంలాగ ఉబ్బుతాది, ఇనుమే గావాల. నడిమింట్లో అందరూ నడుస్తారు కదా, తలుపు తెరిస్తే ఎవుడి ముక్కుకీ తగలకూడదు. పక్కకి జరిగే తలుపులుండాల. పెద్దదుండాల."

"బావా!" అని గోడ అవతల నుంచి దానమ్మ గొంతు. "నీకున్నవి రెండు పంచెలు. ఆటికి అద్దం బీరువా ఎందుకు? మా గూట్లో ఎట్టీ."

"మీ గూట్లో ఎడితే మీ ఆయన కట్టుకుపోతాడే మరదలా."

"కట్టుకుంటే ఏటి, ఆయనకి నీకన్నా బాగుంటాయి."

అందరూ నవ్వారు. జగ్గమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ చెయ్యెత్తింది.

"ఏది కొన్నా సరే, నాదొక మాట. బీరువా వీపు గోడకి ఆనాల. మా అత్త సెప్పినాది. బీరువా వీపు మనుసులకి కనబడిందంటే లచ్చిమి కూడా వీపు తిప్పి ఎలిపోతాది. నానున్నంత కాలం ఈ ఇంట్లో బీరువా వీపు కనబడదు."

ఝాన్సీ చేతిలో టీ గ్లాసు పెదవి దాకా వెళ్లి ఆగిపోయింది. నాకేసి చూసింది. నేను పైన పెంకులకేసి చూశాను.

ఆదివారం ఆటో కట్టించుకుని రాజాం వెళ్లాం. రమేష్‌బాబు, నరేష్, ఝాన్సీ, నేను. చంద్రమౌళి బీరువాల కొట్టు మూడంతస్తులు. ఆయన తాత పూర్వం అక్కడే పోపుసామాను అమ్మేవాడు. నన్ను చూడగానే కుర్చీ తుడిచి, "రండి తాతగారూ, తమలాంటి పెద్దలొచ్చి ఒకసారి తడితే మా సరుకుకి గౌరవం" అన్నాడు. నా పేరు అంత దూరం వెళ్లినందుకు నాకు గుండె పొంగింది. గుమ్మం దగ్గరే ఒక గోధుమరంగు బీరువా నిగనిగలాడుతోంది. మెటికతో టక్కుమని కొట్టాను. చెవి ఆనించాను. కళ్లు మూసుకున్నాను.

"టేకు" అన్నాను. "ముసలి టేకు. అడివిలో వందేళ్లు నిలబడ్డ సెక్క."

చంద్రమౌళి అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చి, "తాతగారూ, అది ఇనుమండి. మీద సెక్క రంగు స్టిక్కరు అతికించినాం" అన్నాడు.

ఝాన్సీ చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు చున్నీ దాటి, కొట్టు దాటి, ఎదురుగా ఉన్న మందుల షాపు దాకా వెళ్లింది.

ఇక దాచి లాభం లేదు. ఆ నలభై పెళ్లిళ్లకీ నేను వెళ్లిన మాట నిజమే. పెళ్లివాళ్లు బీరువాలు చూస్తున్నంతసేపూ నేను పక్క హోటల్లో వాళ్ల ఖర్చుతో పెసరట్టు తినేవాణ్ణి. ఆఖర్న మూతి తుడుచుకుంటూ వచ్చి, వాళ్లు అప్పటికే ఎంచుకున్నదాన్ని ఒక దెబ్బ కొట్టి, "బేషుగ్గా ఉన్నాది" అనేవాణ్ణి. వాళ్లకి ధైర్యం, నాకు పేరు. మా ఇంట్లో ఉన్న ఒక్క బీరువానీ ఈశ్వరి వాళ్ల నాన్న ఎంచాడు. జగ్గమ్మతో వచ్చింది రేకుపెట్టె. దాన్ని కొట్టి చూడక్కర్లేదు, మూత వేస్తే చాలు, పక్క ఊరికి తెలిసేది. మీసం సంగతంటారా, నాకు మీసం ఎప్పుడూ లేదు.

పేరు పోయాక మనసు తేలికపడింది. తేలికపడ్డాక బీరువాలు నిజంగా చూడటం మొదలెట్టాను. అందులో ఎంత సరదా ఉందో అప్పుడు తెలిసింది.

చంద్రమౌళి ముందు తక్కువ ధరవి చూపించాడు. ఒకటి గుడ్డ బీరువా. గొట్టాలు దూర్చి, మీద గుడ్డ తొడిగి, జిప్పు లాగడమే. "ఇందులో సీరలెట్టాలా, లేకపోతే దోమలకి బయపడి మనమే దూరాలా?" అన్నాను. నరేష్ నిజంగానే దూరాడు. జిప్పు పట్టేసింది. వాణ్ణి బయటికి తీయడానికి ఇద్దరు మనుషులు పట్టారు. తరవాత తెల్లగా అద్దంలా మెరిసే పొట్టుబోర్డు బీరువా. రమేష్‌బాబు దాని మీద మనసు పడ్డాడు. ఝాన్సీ దాని అడుగున వేలితో గీకి, "మావయ్యా, కింద అంచుకి పూత లేదు. ఇల్లు కడిగినప్పుడల్లా నీళ్లు తాగుతుంది" అంది. లెక్కల పంతులమ్మ కదా, సొరుగు పూర్తిగా బయటికి లాగి చూస్తుంది, తలుపు సగంలో వదిలేసి అక్కడే ఆగుతుందా అని చూస్తుంది, కాళ్ల కింద చీపురు దూరుతుందా అని వంగి చూస్తుంది. అన్నీ చూశాక ప్రతి బీరువా వెనక్కీ వెళ్లి, అక్కడ చాలాసేపు నిలబడుతుంది.

మొదటి బీరువా వెనక్కి వెళ్లింది. రెండోదాని వెనక్కి వెళ్లింది. మూడోదానికి ఇంకొక ఇల్లాలు, వెనక ఏదో రహస్యం ఉందనుకుని తనూ వెళ్లింది. ఆవిడ వెనక వాళ్లాయన. కాసేపటికి ఆ అంతస్తులో ఉన్న కొనుగోలుదార్లంతా బీరువాల వెనక ఉన్నారు, ముందు నేనూ చంద్రమౌళీ మిగిలాం.

"అమ్మా, ఎనక ఏటుంటాదమ్మా? ఎనక ఎవరైనా సూస్తారేటి?" అన్నాడాయన, ఏడవలేక.

"నాకు వెనకే ముఖ్యమండి" అంది ఝాన్సీ.

వెనక ఏముంటుంది? పల్చటి అట్ట, సుద్దముక్కతో గీసిన గీతలు, మేకుల బుర్రలు. ఇనుప బీరువాల వీపైతే ఇంకా అన్యాయం, రంగు సగమే వేసి వదిలేస్తారు. రెండు వైపులా నునుపుగా ఉన్నది కొట్టు మొత్తం మీద ఒక్కటే ఉంది. అది విశాఖపట్నం మేడల కోసం తెప్పించిందట. ధర చీటీ చూసి రమేష్‌బాబు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆ స్టూలు కూడా అమ్మకానిదే, దాని ధర చూసి మళ్లీ లేచాడు.

ఝాన్సీ నీళ్ల డబ్బా దగ్గరికి వెళ్లింది. నరేష్ వెనకే వెళ్లాడు. నేను స్తంభం చాటున ఉన్నాను.

"పోనీలే నరేష్. వచ్చే వారం గది చూద్దాం. మా స్కూలు వెనక ఒకటి ఖాళీగా ఉందట" అంది. గ్లాసు పట్టుకుంది గాని నీళ్లు తాగలేదు. నరేష్ తల ఊపాడు. వాడి మొహం గుడ్డ బీరువాలో చిక్కుకున్నప్పటికంటే అన్యాయంగా ఉంది.

ఉన్నవాటిలో మంచివి మూడు ఫోన్లో ఫొటోలు తీయించాను. నడిమింటికి పొడుగాటి మూడు తలుపుల బీరువా, తలుపులు పక్కకి జరుగుతాయి, మంచానికి సరిపడా ఉంది, వీపు మాత్రం అట్ట. వీధిగదికి అద్దమున్న సన్నటి ఇనుప బీరువా, నీలం రంగు. వెనకగదికి అలాంటిదే ఇంకోటి, అద్దం లేకుండా, గట్టి తాళంతో. మూడూ కలిపినా రమేష్‌బాబు అనుకున్న దాంట్లోనే వస్తాయి. "రేపు ఫోను సేస్తాం" అని చెప్పి ఆటో ఎక్కాం. నవ్వులేని ఆటో ఎంత బరువుగా నడుస్తుందో ఆ రోజే చూశాను.

ఇంటికొచ్చాక నడిమింట్లోనే మంచం చుట్టూ కూర్చున్నాం. ఫోను చేతులు మారింది. జగ్గమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఓరగా చూసింది.

"ఈ పెద్దది బాగున్నాది. ఏ గోడకి?" అంది.

నరేష్ మంచం అంచు చూపించి, "గోడకి కాదు మామ్మా. మంచం పక్కన నిలబెడతాం. వీపు దారికి ఉంటాది" అన్నాడు.

చేట ఆగింది.

"వీపు దారికా?"

"అమ్మా, వీపు మీద దేవుడి కేలండరు ఏలాడదీస్తాను, కనబడదు" అన్నాడు రమేష్‌బాబు.

"దేవుణ్ణి తీసుకెల్లి బీరువా వీపుకి కడతావేటిరా! నువ్వు నా కడుపున ఎలగ పుట్టినావు?"

"రంగు ఏయించీద్దాం అత్తా" అంది ఈశ్వరి.

"రంగేస్తే వీపు మొహం అయిపోతాదేటి?"

ఝాన్సీ లేచి నిలబడింది. గొంతు మెత్తగానే ఉంది. "వద్దులెండి మామ్మా. మీ మాట తీసేసి నాకేమీ వద్దు. మేం రాజాంలో గది చూసుకుంటాం. ప్రతి ఆదివారం వస్తాం."

ఆ మాటతో ఇల్లు చల్లబడిపోయింది. పెరట్లో గేదె కూడా నమలడం ఆపింది. ఆదివారం ఆదివారం వచ్చే మనవడు ఎలా ఉంటాడో నేను ఊహించుకోవాలని ప్రయత్నించాను. చుట్టంలా ఉన్నాడు. చేతిలో పళ్ల సంచి ఉంది. నాకు నచ్చలేదు.

అప్పుడు గోడ అవతల నుంచి దానమ్మ గొంతు లేచింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఇంట్లో ఇంతమందున్నారు, ఒక్కరికీ బుర్ర లేదేటి? మూడు బీరువాలు కొంతన్నారు కదా! పెద్దదాన్ని ఆ ఝాన్సీ గుంట మంచం వైపు తిప్పండి. సిన్నవి రెండూ దాని ఎనక పక్కపక్కనెట్టి, దారి వైపు తిప్పండి. వీపూ వీపూ ఆనించీయండి. ఇంక ఎవులి వీపు ఎవులికి కనబడతాది?"

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆ తరవాత అందరం కలిసి జగ్గమ్మకేసి చూశాం. ఆవిడ తలెత్తకుండా బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసి, "దానమ్మ అంతలా సెప్పినాదంటే మరి కాదనకూడదు" అంది. యాభై ఏళ్ల ఇరుగుపొరుగులో దానమ్మ మాటకి జగ్గమ్మ తలూపడం అదే మొదటిసారి.

ఝాన్సీ అప్పటికే స్కూలు సంచిలోంచి సుద్దముక్క తీసి నేల మీద గీతలు గీస్తోంది. చిన్నవి రెండూ పక్కపక్కన పెడితే పెద్దదానంత పొడుగొచ్చాయి, వేలెడు కూడా తేడా లేదు. గీత ఇవతల దారి. నన్ను ఆ దారిలో నడవమంది. నడిచాను. నా బొజ్జ దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది గాని, దాటేశాను. ఆ పిల్ల నవ్వు దూలాన్ని తాకి పక్కింట్లో పడింది.

రెండో రోజు మధ్యాహ్నానికి చంద్రమౌళి వ్యాను వచ్చింది. వీధంతా కదిలింది. పెద్దది ముక్కలుగా వచ్చింది కాబట్టి గుమ్మంలోంచి నెమ్మదిగా జారుకుంది. ఇనుపవి మాత్రం నిండుగా, పెళ్లికొడుకుల్లా వచ్చాయి. జగ్గమ్మ గుమ్మంలో నిలబడి మూడింటికీ పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఖాళీ బీరువా లోపలికి రాకూడదని ఒకదాంట్లో గుప్పెడు ధాన్యం పోసింది, ఇంకోదాంట్లో బెల్లం ముక్క పెట్టింది. ఆ బెల్లానికి చీమలు అరగంటలో వచ్చాయి. మా ఇంట్లో కొత్త బీరువాని ముందు వాడుకున్నది అవే.

వ్యానువాళ్లు నీలం బీరువాని ఎత్తి, "తాతా, ఏ గదికి?" అన్నారు.

"నడిమింటికి."

"ఇది?"

"నడిమింటికే."

"మరి ఆ పెద్దది?"

"అదీ నడిమింటికే బాబూ."

వాళ్లు ఒకరినొకరు చూసుకుని, ఈ ఇంట్లో మిగతా గదులకి ఏదో దోషముందని అనుకున్నట్టున్నారు. మూడు గదులకని, గదికో గుణం చెప్పి, గదికో ధర చూసి కొన్న మూడు బీరువాలూ ఒక్క గదిలోనే నిలబడ్డాయి. ఊరివాళ్ల కోసం అద్దంతో కొన్న బీరువా వీధిగదిలో ఆగనే లేదు, నీరు పీల్చే గోడకని కొన్న ఇనుము తడి మొహం చూడలేదు. రమేష్‌బాబు మూడింటినీ కలిపి ఒక ఇనుప పట్టీతో బిగించాడు. నేను భుజంతో తోసి చూశాను. కదల్లేదు. మెటికతో కొట్టాను కూడా. ఏం వినిపించిందో చెప్పను, ఇప్పుడు మీరు నమ్మరు.

ఇప్పుడు నడిమింట్లో దారి ఉంది, దారి పక్కన నీలంగా మెరిసే బీరువాలున్నాయి, వాటి అవతల ఏముందో అసిరయ్యకి తెలీదు, కోడికి తెలీదు. ఒక్కటే చిక్కు. అద్దం దారిలో ఉండటంతో, వెళ్లేవాళ్లంతా అక్కడ ఆగుతున్నారు. అసిరయ్య పాలచెంబు కింద పెట్టి క్రాపు దువ్వుకుంటాడు. దానమ్మ పెరుగు సంగతి మరిచిపోయి కొప్పు సర్దుకుంటుంది. కోడి తనని తాను చూసుకుని రోజూ ఒకసారి పోట్లాడుతుంది. అవతల వైపు ఝాన్సీ తన తలుపు జరిపితే ఇవతల మా బీరువా సన్నగా వణుకుతుంది, లోపల జగ్గమ్మ గాజులపెట్టె గలగలమంటుంది.

మొదటి సాయంత్రం ఆ పిల్ల మంచం కింద నుంచి సూట్‌కేసులు లాగి, పెళ్లయినప్పటి నుంచి మడత విప్పని చీరలన్నీ అరల్లో పెట్టింది. స్కూలు వెనక ఉన్న గదికి ఎవరో అద్దెకొచ్చారట, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ రెండోసారి ఎత్తలేదు. నేను అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి దగ్గాను.

అవతల నుంచి, "తాతయ్యా, ఇంక దగ్గక్కర్లేదు, వెళ్లండి!" అని ఆ పిల్ల గొంతు, ఆ వెనకే ఇద్దరి నవ్వూ వచ్చింది.

"ఏటా నవ్వు?" అంది జగ్గమ్మ వంటింట్లోంచి.

"బీరువా నవ్వుతున్నాదే" అన్నాను.

ఇదంతా ఇలాగే జరిగింది. ఎలక సంగతీ, మేక సంగతీ మీ ఇష్టం, నమ్మినంత నమ్మండి. కాని ఒక్క చోట మాత్రం నేను కావాలని కల్పించాను. ఆ రోజు గోడ అవతల నుంచి మాట్లాడింది దానమ్మ కాదు. దానమ్మ ఆ రోజు ఊళ్లోనే లేదు, పాతపట్నంలో కూతురింటికి వెళ్లింది. వీపూ వీపూ ఆనించీయండన్న మాట గోడ ఇవతల నుంచే వచ్చింది. చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, జగ్గమ్మే అంది. అని, "నడిమింట్లో కాపరం ఎలగుంటాదో నాకు తెలీదేటి" అని గొణుక్కుంది. ఆ తరవాత నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, "అత్త మాటకి నానే అడ్డదారి సూపినానంటే వీదిలో పరువుంటాదా? ఎవులైనా అడిగితే దానమ్మ సెప్పినాదను" అని ఒట్టేయించుకుంది. అలాగే ఊరంతా చెప్పాను. ఇప్పుడు చిక్కేమిటంటే, దానమ్మ నమ్మేసింది. పెరుగు కోసం వచ్చినప్పుడల్లా అద్దం ముందు నిలబడి, ఆ రోజు తనకి ఆ ఆలోచన ఎలా తట్టిందో, గోడ అవతల ఏ పీట మీద కూర్చుని అరిచిందో, వచ్చినవాళ్లందరికీ నాకంటే బాగా చెబుతోంది. జగ్గమ్మ పక్కనే నిలబడి, "అవునవును, నానూ ఇన్నాను" అంటోంది.